కథాబలమే చిత్రబలమా?



ఆట ముగిసి జనము చిత్రశాల వాకిలి దాటి వచ్చునప్పుడు ఒక ప్రక్కగా నిలిచి వారి మాటలు ఆలకించినచో, హైదరాబాదు ఆబిడ్సులో జమ్రుద్ మహలు, సాగర్ టాకీసు నడచిన నాడైనను, బహుళ తెరల భవనములు వెలసిన నేడైనను, ఒక తీర్పు మాత్రము మారక వినబడుచునే యున్నది: "అంతా బాగానే ఉన్నది గాని, కథ లేదండీ!" నటనను మెచ్చినవారు, పాటలను మెచ్చినవారు, ఛాయాగ్రహణమును చూచి అబ్బురపడినవారు సైతము ఈ ఒక్క మాటతో తమ మెప్పునంతయు వెనుకకు తీసికొందురు. చిత్రములను నిర్మించువారి కథాచర్చలలోను ఇదే ధోరణి. లైను ఏమిటి, విశ్రాంతికి ముందు మలుపు ఏది, చివరి ఘట్టమున ప్రేక్షకుడు ఊహింపనిది ఏమి జరుగును, అనునవే అక్కడ మొదటి ప్రశ్నలు. తరచుగా తుదిప్రశ్నలును అవియే. బలమైన కథ లేనిదే గొప్ప చిత్రము లేదను ఈ విశ్వాసమును నేను అంగీకరింపలేకున్నాను. ఎందులకు అంగీకరింపలేనో, ఈ నగరమునకును దాని చుట్టునున్న పల్లెలకును చెందిన కొన్ని చిత్రములను ఆధారముగా గైకొని మనవి చేసెదను.

మా గౌలిగూడలో రామమందిరము కలదు. శ్రీరామనవమి దినములలో రామకథ వినుటకు కూర్చున్నవారిలో, వృద్ధులలోగాని పిల్లలలోగాని, రావణుడు చచ్చునో బ్రతుకునో యను సందేహముతో కూర్చున్నవారు ఒక్కరును ఉండరు. కట్టె, కొట్టె, తెచ్చె అని మన పెద్దలు మూడు మాటలలో రామాయణమంతయు చెప్పివేసిరి. కథ అంతియే, అయినను ఆ మూడు మాటలు తెలిసినవానికి రామాయణము తెలిసినదని ఎవ్వరును అనరు. అశోకవనమున చెట్టుకొమ్మల నడుమ దాగిన హనుమంతుడు, సీత భయపడకుండ ఏ భాషలో, ఏ మాటతో పలుకరింపవలెనో తెలియక తనలో తాను తర్కించుకొను ఘట్టము వచ్చునప్పుడు, ఏండ్ల తరబడి ఆ కథనే వినుచున్న ముసలివారు మెడ ముందుకు చాచి వినుట నేను చూచినాను. హనుమ ఏమి చేయునో వారికి తెలియును. అతడు పడిన ఆ సంకోచమును, ఆ సంకోచమునందలి వివేకమును మరల ఒకమారు తమ హృదయములలో అనుభవింపవలెననియే వారు వచ్చినారు.

ఈ విషయమున ప్రాచీనులు ఆలోచింపకపోలేదు. గ్రీకు దేశమున అరిస్టాటిలు విషాదాంత నాటకమును విచారించుచు, కథాసంవిధానమే దానికి ఆత్మవంటిదనెను. మన భరతముని ఇతివృత్తమును నాట్యమునకు శరీరమనెను. ఇరువురి మాటలకును నడుమ ఎంతయో దూరము కలదు. శరీరము లేక ప్రాణము నిలువదు గనుక, భరతుని మాట కథను తక్కువచేసినది కాదు; ఐదు సంధులుగా ఆ శరీరమును ఎట్లు కూర్పవలెనో ఆయనయే విస్తరించి చెప్పెను. కాని దానిని ఎంత చక్కగా కూర్చినను, రసము లేనిచో అది నాట్యము కాజాలదని ఆయన నిశ్చయము. ఆనందవర్ధనుడు ఇంకను నిష్కర్షగా పలికెను: ఇతివృత్తమును నిర్వహించినంత మాత్రమున కవికి ఒరుగునది ఏమియు లేదనియు, ఆ పని ఇతిహాసమే చేసిపెట్టుచున్నదనియు 'ధ్వన్యాలోకము'న వ్రాసినాడు. నాటకమునకు ప్రఖ్యాతవస్తువు, అనగా లోకమునకు మునుపే తెలిసిన కథ, కావలెనని లాక్షణికులు విధించుటయందు కూడ ఇట్టి యాలోచనయే ఉన్నదని నాకు తోచును. తరువాత ఏమగునో యను ఆతురత మొదటనే శమించినచో, మనస్సు ఎదుటనున్నదానియందు నిలుచును.

తెలుగు చిత్రములలో సర్వోత్తమమని పలువురు భావించు 'మాయాబజార్' ఇందులకు సాక్ష్యము. 1957లో విజయావారు నిర్మింపగా కె.వి.రెడ్డి దర్శకత్వము వహించిన ఆ చిత్రము వచ్చునప్పటికి శశిరేఖాపరిణయ కథ నాటకముల మూలమున ఊరూర తెలిసియున్నది, 1936లోనే పి.వి.దాసు దర్శకత్వమున తెరకును ఎక్కినది. బలరాముడు ఆడిన మాట తప్పుట, ఘటోత్కచుడు మాయ పన్నుట, అభిమన్యునకు శశిరేఖ దక్కుట, ఇంతకు మించి అందులో జరుగునది లేదు. అన్నియు ఎరిగిన శ్రీకృష్ణుడు మొదటినుండియు చిరునవ్వుతోనే యుండగా ఉత్కంఠకు తావెక్కడిది? అంతియే కాదు, రచయిత పింగళి నాగేంద్రరావును దర్శకుడును కలిసి ఒక గొప్ప సాహసము చేసిరి. పాండవుల కష్టములతో ముడిపడిన ఈ చిత్రమున పాండవులు ఒక్కసారియైనను తెరమీదికి రారు. జూదము, రాజ్యనాశము, వనవాసము మొదలగు మహాసంఘటనలను, కథాబలము కోరువారు విడువజాలని వానిని, వీరు మాటలతో దాటించి, ఆ మిగిల్చిన తీరికనంతయు విడిదిల్లునకును, పెండ్లివంటకములకును, కూర్చున్నవారిని ముప్పుతిప్పలు పెట్టు తివాసీకిని వెచ్చించిరి.

ఆకాశవాణి శ్రోతలకు సుపరిచితమైన సంక్షిప్త శబ్దచిత్రములను ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనుట అవసరము. ఒక చిత్రమునుండి బొమ్మను తీసివేసి, సంభాషణలను పాటలను మాత్రము ఏర్చి కూర్చి, పరిమితకాలములో వినిపించు ఆ ప్రసారములను చెవియొగ్గి వినుచు పెరిగిన తరము మాది. చిత్రశాలకు పోవుటకు చేతిలో డబ్బు లేని ఇండ్లలో ఎందరికో అవియే చిత్రములు. వానియందు కథ ఏమాత్రము లోపింపదు. ఎవరు ఎవరిని ప్రేమించిరో, ఎవరు అడ్డుపడిరో, ఎట్లు ముగిసెనో, అంతయు తెలియును. అయితే 'మాయాబజార్'లో ఘటోత్కచుడు పెండ్లివిందు భుజించు ఘట్టమును చెవులతో మాత్రమే విని చూడుడు. ఎస్.వి.రంగారావుగారికి మాధవపెద్ది సత్యము ఇచ్చిన కంఠమును, ఆ అట్టహాసమును వినబడును. వంటపాత్రలు తమంత తామే కదలివచ్చుటయు, లడ్డూలు ఒకటి వెనుక ఒకటిగా గాలిలో తేలివచ్చి నోట పడుటయు, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణమున పసిపిల్లలు నోరు తెరచి చూచిన ఆ వింతయు వినబడవు. శశిరేఖ వేషమునున్న ఘటోత్కచునిగా సావిత్రి నటించుపట్టున, ఎవ్వరును చూడని క్షణమున ఆమె భుజములు విరిచి, ఱొమ్ము పొంగించి, బరువుగా అడుగు వేయును. మనుష్యుల అలికిడి కాగానే అదే దేహము కన్నెపిల్ల బిడియములోనికి ఒదిగిపోవును. కథాసంగ్రహమును ఎంత విపులముగా వ్రాసినను ఆ ఒదుగుటకు అందులో చోటుండదు. నేటికిని జనులు ఆ చిత్రమును చూచుచున్నది దానికొరకే.

కథాబలము గల గొప్ప చిత్రములు లేవని నేను అనను. 1955 నాటి 'మిస్సమ్మ'ను తీసికొనుడు. ఉద్యోగము కొరకు ఇరువురు అపరిచితులు భార్యాభర్తలమని అబద్ధమాడుదురు. అటుపై వచ్చు ప్రతి సన్నివేశమును ఆ అబద్ధమునుండియే పుట్టును. చక్రపాణిగారు వంగదేశపు నాటకమునుండి గ్రహించి తెలుగింటికి తగినట్లు మలచిన ఆ కథను మెచ్చకుండుట ఎవరి తరము? ఆ చిత్రమునకు అట్టి కథ ఉచితమే. ఎందుకనగా అందలి పాత్రలకు కోరిక కలదు, ఆ కోరికను నెరవేర్చుకొనుటకు ఉపాయము పన్ను స్వేచ్ఛయు కలదు. ఈ స్వేచ్ఛయను మాటను మీరు గుర్తుంచుకొనవలెనని ప్రార్థించుచున్నాను. నా ప్రసంగమునకు అదియే పట్టుకొమ్మ.

కథ యనునది ఎట్లు పుట్టును? దశరూపకకారుడు కార్యమునకు ఐదు అవస్థలు చెప్పినాడు: ఆరంభము, యత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము. ఫలమును కోరువాడొకడు పని మొదలుపెట్టును, ప్రయత్నించును, ఆశపడును, నిశ్చయము చేసికొనును, పొందును. ఈ క్రమమంతయు ఫలార్థికి, అనగా కోరుటకు శక్తియు అధికారమును గలవానికి, చెప్పబడినది. రాజులు, మంత్రులు, ప్రేమికులు, గడుసువారైన సేవకులు సైతము దీనికి తగుదురు. కాని కోరుట కూడ నిషిద్ధమైన బ్రతుకులు లోకమున కొల్లలుగా ఉన్నవే, వాని మాట ఏమి? వారి దినము తెల్లవారును, పని జరుగును, చీకటి పడును. ఆరంభమే లేనిచోట ఫలాగమము ఎట్లు వచ్చును? అట్టివారిని గూర్చి చిత్రము తీయబూనినవాడు బలమైన కథను తెచ్చిపెట్టినచో, వారికి లేని స్వేచ్ఛను వారికి అంటగట్టినవాడగును.

ఇది నేను ఊహించి చెప్పుచున్న సిద్ధాంతము కాదు. తెలంగాణ పల్లెలను గూర్చి తీసిన చిత్రములను చూచి గ్రహించినది. గౌలిగూడవారమైన మాకు ఆ పల్లెలు దూరము కావు. 1932లో నిజాం రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైన నాటినుండి, జిల్లాలనుండి నగరమునకు బ్రతుకుదెరువుకై వచ్చిన జనమెందరో మా పేటలో బస్సు స్టాండుగానుండిన ఇనుపరేకుల గొప్ప కమాను క్రిందనే దిగిరి. మూటలతో, చంకలోని పిల్లలతో దిగి, ఏ దిక్కున పోవలెనో తెలియక నిలిచిన ఆ మనుష్యులను చూచుటయే మాకు పల్లెలను గూర్చిన మొదటి పాఠము. 2018లో ఆ కమాను కూలిపోయినది గాని, దానిక్రింద నడచిన జనుల వృత్తాంతములు ఎక్కడికిని పోలేదు. చిత్రములు కాదగినవి ఇంకను ఎన్నియో ఉన్నవి.

సికింద్రాబాదు తిరుమలగిరిలో పుట్టి పెరిగిన శ్యాం బెనెగల్ 1974లో 'అంకుర్'ను ఈ నగర సమీపమునందలి ఎల్లారెడ్డిగూడలో తీసెను. పట్నమునుండి వచ్చిన భూస్వామి కొడుకును, అతని యింట పనిచేయు లక్ష్మియు, మాట పలుకలేని ఆమె భర్తయు అందలి ముఖ్యపాత్రలు. చెప్పుకొనుటకు ఆ చిత్రమున కొంత కథ కలదు. అయితే దాని కట్టకడపట ఒక బాలుడు దొర యింటి కిటికీపైకి రాయి విసరును. చిత్రము అంతటితో ఆగిపోవును. ఆరంభమను అవస్థ ఆ రాయితో పుట్టినదనుకొందునేని, మామూలు చిత్రము మొదలు కావలసినచోట ఇది ముగిసినదన్నమాట. ఆ తరువాతి అవస్థలు 1979లో గౌతమ్ ఘోష్ దర్శకత్వమున బి.నర్సింగరావు నిర్మించిన 'మా భూమి'లో కనబడును. కృష్ణచందర్ ఉర్దూ నవలను ఆధారముగా గొన్న ఆ చిత్రమున వెట్టివారి యింట పుట్టిన రామయ్య దొర నివాసమైన గడీకి ఎదురుతిరిగి ఊరు విడుచును, హైదరాబాదు వీధులలో రిక్షా లాగును, కార్మికులలో కలిసి లోకజ్ఞానము సంపాదించును, తిరిగిపోయి పోరాటమున చేరును. జనులు కోరుటకును, ప్రయత్నించుటకును తెగించిన కాలమది గనుక, ఆ కాలపు చిత్రమునకు బలమైన కథ తనంతట తాను సిద్ధించినది.

అదే నర్సింగరావు 1988లో స్వయముగా దర్శకత్వము వహించి 'దాసి'ని తీసినప్పుడు ముందుకు సాగక వెనుకకు, 1920ల నాటి గడీలోనికి పోయినాడు. దొరల ఇండ్లలో కూతురికి పెండ్లి చేసి పంపునప్పుడు అరణముగా ఒక ఆడబాపను, అనగా దాసిని, వెంట పంపు దురాచారము ఆనాడు ఉండెడిది. అట్లు వచ్చిన కమలాక్షియే ఈ చిత్రమునకు కేంద్రము. ఆమె ఊడ్చును, నీరు మోయును, దొరసానికి పరిచర్య చేయును, రాత్రి దొర పిలిచినప్పుడు పోవును. గర్భవతియగును. ఆ గర్భము నిలువరాదని గడీ నిశ్చయించును, నిలువకుండ చేయుదురు. ఇంతకంటె ఆ చిత్రమున చెప్పదగిన కథ లేదు, మలుపు లేదు. రక్షించుటకు వచ్చువాడు లేడు. సంక్షిప్త శబ్దచిత్రముగా దీనిని ప్రసారము చేయబూనినచో, శ్రోతలకు చీపురు చప్పుడు, బిందె చప్పుడు, గడీలోని నిశ్శబ్దము మాత్రమే మిగులును.

అయినను ఆ చిత్రమును చూచుచుండగా దృష్టి మరల్చుట నాకు సాధ్యము కాలేదు. ఎందుచేత? ఆ గడీ గోడల ఎత్తును, గుమ్మముల చీకటిని, ముంగిట పడిన ఎండను అపూర్వ కిశోర్ బీర్ కెమేరా ఒక్కటి వెంట ఒక్కటిగా ఎట్లు చూపుననగా, కమలాక్షి ఆ గోడలను దాటిపోవుట ఎట్లు అసంభవమో మాటలతో పని లేకుండ మనకే తెలియును. కమలాక్షిగా నటించిన అర్చన ముఖమున ఏడ్పు కనబడు క్షణములు స్వల్పము. అలసట మాత్రము ఆద్యంతము కనబడును. పిలుపు వినబడగానే చేతిలోని పని విడిచి లేచు ఆమె తొందరలో, అట్లు లేచుట అలవాటైన దేహము కనబడును. కళాదర్శకుడు తోట వైకుంఠము తన కుంచెతో జీవితమంతయు తెలంగాణ స్త్రీలనే చిత్రించిన చిత్రకారుడు. ఆ కుండలను, ఆ గోడలను ఆయన పుస్తకములలో చూచి నేర్చుకొన్నవాడు కాడు. ఉత్తమ నటి, ఛాయాగ్రహణము, కళాదర్శకత్వము, దుస్తుల రూపకల్పన, ఉత్తమ తెలుగు చిత్రము, ఈ ఐదింటికిని ఆ సంవత్సరపు జాతీయ పురస్కారములు 'దాసి'కి లభించినవి. కథకు మాత్రము రాలేదు, రానవసరమును లేదు.

చివరి ఘట్టమున కమలాక్షి చేతికి కొడవలి ఇచ్చినచో చిత్రశాలలో చప్పట్లు మ్రోగియుండును. కథ బలపడినదని విమర్శకులును మెచ్చియుందురు. కాని నిజముగా అట్టి గడీలలో పండిపోయిన వేలాది స్త్రీలకు ఆ చప్పట్లవలన జరుగునది ద్రోహమే. వారు తిరుగబడకపోవుట పిరికితనమువలన గాని బుద్ధిమాంద్యమువలన గాని కాదని, తిరుగబడుటకు కావలసిన మొదటి అడుగునే వారినుండి అపహరించిరని, ఆ కథారాహిత్యము చెప్పినంత సూటిగా ఏ కథయు చెప్పజాలదు. ఇటలీలో డి సికా 1948లో 'బైసికిల్ థీవ్స్' తీసినప్పుడు, పోయిన సైకిలు దొరకనీయకుండుటకును ఇట్టి నిజాయితీయే కారణము. సైకిలు దొరికినచో అది ఒకని అదృష్టకథ అగును. దొరకలేదు గనుక యుద్ధానంతరపు రోము నగర నిరుద్యోగుల బ్రతుకైనది.

ఇట్లనుచున్నందున, కథ కావలెనను ప్రేక్షకుని నేను చిన్నచూపు చూచుచున్నానని తలపవద్దు. పగలంతయు మూటలు మోసి, రిక్షా త్రొక్కి, కూలిడబ్బులనుండి టిక్కెట్టు కొన్న మనుష్యుడు, ఇది ఎటుపోవునో నన్ను చేయిపట్టి నడిపింపుమని కోరుట న్యాయము. అతని నిజజీవితమున ప్రయత్నమునకు ఫలము దొరకుట అరుదు గనుకనే, ఫలాగమము గల కథను అతడు అంతగా ప్రేమించును. కథను విడిచిన దర్శకునిపై ఆ ప్రేక్షకునికి ఇంకను బరువైన ఋణము పడును. కథ ఉన్నచోట ఒక సన్నివేశము పలుచబడినను తరువాతి మలుపుపై ఆశ ప్రేక్షకుని కూర్చుండబెట్టును. కథ లేనిచోట అట్టి ఆధారము లేదు. ఒక్కొక్క దృశ్యము తన కాళ్ళపై తాను నిలువవలెను. నటుడు కిటికీ వంక చూచుచు నిలిచినంత మాత్రమున, కెమేరా కదలకుండ ఉన్నంత మాత్రమున ఆ చిత్రము 'దాసి' కాదు. చెప్పుటకు ఏమియు లేని మౌనమును గంభీరమౌనముగా చెలామణి చేయు చిత్రములను నేనును చూచితిని; వాని ఎదుట కూర్చున్నప్పుడు, కథ లేదండీ యను ఆ సామాన్య ప్రేక్షకుని తీర్పే నాకు సబబుగా తోచినది.

కావున చిత్రరచనకు పూనుకొను యువకులకు, యువతులకు నాదొక విన్నపము. మీ పాత్ర ఏమి కోరుచున్నది అని ప్రశ్నించుటకు ముందుగా, దానికి కోరుటకు అనుమతి కలదా అని విచారింపుడు. కలదేని, 'మిస్సమ్మ' వలె చక్కని కథను అల్లుడు. లేదేని, ఆ లేమిని కల్పనతో పూడ్పక, దానిని చూచుటకు కావలసిన ఓర్పును సంపాదింపుడు. నాంపల్లి స్టేషను వెలుపల పని దొరకునో లేదో యని ప్రొద్దుననే వచ్చి కూర్చుండు కూలీలు ఉన్నారు. పది ఇండ్లలో అంట్లు తోమి రాత్రి పొద్దుపోయి ఇల్లు చేరు స్త్రీలు మా గౌలిగూడ సందులలోనే ఉన్నారు. వీరి బ్రతుకులలో లైను లేదని కథాచర్చలలో ఎవరైనను త్రోసివేసినచో, 'దాసి' చిత్రమును వారికి చూపి, ఆ తరువాత మరల చర్చకు కూర్చుండుడు.